పేజీకి ఏడు బీడీలు

నర్సవ్వత్త పోయిన పదకొండో రోజున రాయికల్ వెళ్లాను. నేనుండే కోరుట్ల నుంచి అదేమీ దూరం కాదు, అయినా అప్పటికి ఏడాదిన్నరగా ఆ దిక్కు పోలేదు. భోజనాలయ్యాక ఆమె కోడలు పద్మ నన్ను లోపలికి పిలిచి ఒక చాట తెచ్చి ముందు పెట్టింది. పాత వెదురు చాట, అంచు విడిపోకుండా చీర పేలికతో కుట్టి ఉంది. అందులో ఒక కత్తెర, బీడీలు చుట్టే తునికాకును కొలత ప్రకారం కత్తిరించడానికి పెట్టుకునే రేకు ముక్క, సగం మిగిలిన దారపు ఉండ. "నీకియ్యమన్నదక్కా," అన్నది పద్మ. నేను బీడీలు చేయడం మానేసి నలభై ఏళ్లు దాటింది, ఆ సంగతి అత్తకు తెలుసు కదా అన్నాను. "తెల్వకేం? గది నీ చాటనేనట. నువ్వు చదివేటప్పుడు నీ ముంగట పెట్టేదట," అన్నది. పద్మ ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పింది. దాన్ని దాని చోట చెప్తాను. ముందు చెప్తే మిగతాది అర్థం కాదు.

రాయికల్‌లో మా ఇంటి అరుగు తూర్పు ముఖంగా ఉండేది. పొద్దు తలమీద నుంచి దిగగానే దాని మీద నీడ పడేది. మధ్యాహ్నం గిన్నెలు కడిగి నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు పట్టుకొని అక్కడికి చేరేవారు. ముందురోజు తడిపి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకు వాసన ఒకటి, దాని మీద తంబాకు వాసన ఒకటి. తంబాకు వాసన మాకు తెలిసేది కాదు. బయటినుంచి వచ్చినవాళ్లు తుమ్మితే అప్పుడు గుర్తొచ్చేది. మా అవ్వ, అంటే మా అమ్మ, మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తాం, గోడకు ఆనుకొని కూర్చునేది. ఆమెకు నడుము నొప్పి. లసుమవ్వ గడప దగ్గర కూర్చునేది, వీధిలో పోయే ప్రతి ఒక్కరినీ పలకరించాలి కాబట్టి. నర్సవ్వత్త ఎప్పుడూ స్తంభం పక్కన, వీధికి వీపు పెట్టి కూర్చునేది. ఆమె మాకు చుట్టం కాదు. కల్లుగీత పని చేసేవాళ్ల ఇంటి బిడ్డ, గంభీరావుపేట దిక్కు ఊరినుంచి మా వీధికి కోడలుగా వచ్చింది. అప్పటికి నలభై దాటిన మనిషి. చేతులు చాలా వేగం. మాట తక్కువ.

నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. పొద్దుటి బస్సుకు పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేదాన్ని. వచ్చాక అరుగు మీద కూర్చొని బీడీలు చేయాలి, అది ఎవరూ చెప్పనక్కరలేని నియమం. కానీ నా చేయి మెల్లగా నడిచేది, నేను చుట్టిన బీడీల్లో సగం వదులుగా ఉండి కంపెనీలో పక్కకు తీసేసేవారు. ఒకరోజు నా చేతిలో వారపత్రిక చూసి నర్సవ్వత్తే అన్నది: "గా చుట్టుడు ఇడిసిపెట్టి మాకు గది చదువు బిడ్డా. నీ వంతు మేం చేస్తం." అప్పటినుంచి అది పద్ధతి అయింది. నేను పైకి చదివేదాన్ని. నా ముందు ఖాళీ చాట ఉండేది. లేచి పోయే ముందు ఒక్కొక్కరు తమ చాటలోనుంచి కొన్ని బీడీలు తీసి నా చాటలో వేసి పోయేవారు. ఎన్ని వేయాలన్నది చదివినదాన్ని బట్టి. కథ నచ్చకపోతే లసుమవ్వ రెండే వేసి, "నేడు నీ కథల ఉప్పు లేదే," అనేది.

నర్సవ్వత్తకు అక్షరం రాదు. కానీ లెక్క బాగా వచ్చు. నేను చదువుతుంటే ఆమె ఎన్ని బీడీలు చుట్టిందో ఆమెకు తెలిసేది. కొన్నాళ్లకు పుస్తకం పొడుగును కూడా బీడీల్లోనే చెప్పేది. ఎడమది, కుడిది కలిపి ఆమెకు ఒకటే పేజీ, ఆ పేజీకి ఏడు బీడీలు. పేజీ తిప్పిన చప్పుడు వినగానే, "ఏడు," అనేది నెమ్మదిగా, తనలో తాను. బొమ్మ ఉన్న పేజీ అయితే నాలుగుకే అయిపోయేది. అప్పుడు, "బొమ్మున్నదా? సూపెట్టు," అని చేయి చాపేది. మేం దీన్ని నవ్వులాటగా తీసుకున్నాం.

ఆ ఆత్మకథ జగిత్యాల గ్రంథాలయంలో దొరికింది. అట్ట ఊడిపోతే ఎవరో గోధుమరంగు కాగితం అంటించారు. నిజాం కాలంలో జమీందార్ల మీద, వెట్టి మీద తిరగబడి అడవుల్లో, తాళ్లల్లో, అంటే తాటివనాల్లో, దాక్కొని, తర్వాత జైలుకు పోయిన ఒకాయన ముసలితనంలో రాసుకున్న పుస్తకం. ఆయన పేరు ఇక్కడ రాయను. అప్పటికి సిరిసిల్లలో ఉంటున్నాడు. ఆ పుస్తకం నన్ను ఎంత పట్టుకున్నదో ఇప్పుడు చెప్పడం కష్టం. అంతవరకు నేను చదివిన కథల్లో ఊళ్లంటే కోస్తా ఊళ్లే. మాట అంటే అక్కడి మాటే. ఈ పుస్తకంలో ముస్తాబాద్ ఉంది, గంభీరావుపేట ఉంది, మేం తినే మక్కజొన్న నూకల గటక ఉంది. నాకు తెలిసిన మట్టిరోడ్డు మీద పోలీసులు గుర్రాల మీద పోయారు. మా దిక్కు కూడా రాయదగిన చోటే అని నాకు మొదట చెప్పింది ఆ పుస్తకమే. ఒక నోటుబుక్కులో నచ్చిన వాక్యాలన్నీ ఎత్తి రాసుకునేదాన్ని. ఆయన రాసిన ప్రతి మాటా నిజమని నమ్మాను. అచ్చులో ఉన్నది అబద్ధం ఎట్లా అవుతుంది అనుకునే వయసు.

అరుగు మీద చదవడం మొదలుపెట్టిన మూడో రోజే నర్సవ్వత్త పుట్టిన ఊరు పేరు వచ్చింది. ఆమె చుట్టడం ఆపింది. అంతకుముందు ఎప్పుడూ అట్లా ఆపగా చూడలేదు.

"గది మా ఊరే," అన్నది.

"మీ ఊరు పుస్తకాలకెక్కిందా? ఇగ నువ్వు మాతోని మాట్లాడుతవా?" అన్నది లసుమవ్వ.

నర్సవ్వత్త నవ్వలేదు. నావైపు తిరిగి, "బిడ్డా, ముంగట మా నాయిన పేరు అస్తదేమో సూడు. గీత లచ్చయ్య. ఆళ్లు మా తాళ్లల్లనే దాసుకున్నరు. పదకొండు దినాలు మా ఇంట్లకెల్లే గటక పోయింది," అన్నది. ఆ రోజు ఆమె నా చాటలో రెండు గుప్పిళ్లు వేసింది.

ఆ రోజు చదవబోయే పేజీలను నేను ముందే చదివి పెట్టుకునేదాన్ని, పైకి చదివేటప్పుడు తడబడకుండా. మరునాడు బస్సులో ఆ పేజీ తగిలింది. వాగు అవతల తాళ్లల్లో గుడిసె, అందులో ముగ్గురు. ఈయన నీళ్లకని వాగుకు పోయిన సమయంలో పోలీసులు వచ్చి మిగతా ఇద్దరినీ పట్టుకుపోయారు. వారిలో ఒకాయన మళ్లీ రాలేదు. తర్వాత ఈ వాక్యాలు: గీత పని చేసే లచ్చయ్య అనేవాడు భయపడి మా జాడ చెప్పాడు. అన్నం పెట్టిన చేతితోనే అప్పగించాడు. నేను ఆ పేజీ మూసి, రాయికల్ వచ్చేదాకా కిటికీలోనుంచి చూస్తూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం చదువుతూ ఆ చోటికి రాగానే దాటేశాను. పట్టుకుపోయారన్న మాట దగ్గర ఆపి, జైలు ఉన్న తర్వాతి పేజీకి తిప్పాను. గొంతు మారకుండా చూసుకున్నాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

"ఏందే, గీ పేజీ మూడు బీడీలకే ఒడిసింది?" అన్నది నర్సవ్వత్త.

"చిన్న పేజీ అత్తా."

"బొమ్మున్నదా?"

"లేదు."

"దానికి ఆకలైతున్నట్టుంది, ఇడువు నర్సవ్వా," అన్నది మా అవ్వ. నర్సవ్వత్త మళ్లీ చుట్టడంలో పడింది. కానీ అందరూ లేచి పోయినా ఆమె లేవలేదు. మా అవ్వ పొయ్యి దగ్గరికి పోయింది. అరుగు మీద ఇద్దరమే మిగిలాం. ఆమె చాట పక్కన పెట్టి, చేతికంటిన తంబాకు దులుపుకొని, "మిగిలిన నాలుగు బీడీలు చదువు," అన్నది.

చదివాను. ఆమె కళ్లు నా మీద కాక పుస్తకం మీద ఉన్నాయి. మళ్లీ చదవమన్నది. మళ్లీ చదివాను. మూడోసారి చదువుతుంటే చేయి అడ్డం పెట్టి ఆపింది.

"మా నాయిన చెప్పలే. నేను చెప్పిన," అన్నది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను. "నాకు ఏడేండ్లుంటయేమో. నాయిన నాకు లెక్క నేర్పిండు, తాళ్లు సూపెట్టుకుంట. ఇర్వై తాళ్ల దాక అచ్చేది నాకు. ఆడపిల్లకు లెక్కెందుకని మా అవ్వ తిట్టేది. గా దినం జవాన్లు అచ్చిన్రు. నాయిన చెట్టు మీదున్నడు. అండ్ల ఒకడు మంచిగనే మాట్లాడిండు. బెల్లం ముక్క ఇచ్చిండు. నీకేమస్తదే పిల్లా అన్నడు. లెక్కస్తదన్న. అయితే మీ అవ్వ పొద్దుగాల ఎన్ని ముంతల గటక వోసిందో చెప్పు, సూద్దాం అన్నడు. నాలుగు అన్న. మీ నాయిన ఒక్కడు నాలుగు ముంతలు తింటడా అన్నడు. తినడు, ఒకటి తింటడు, మిగిలినయి మూడు అన్న. తీసివేత గూడ అస్తదని చెప్పాలె గదా. ఏ దిక్కు తీస్కపోయిండన్నరు. వాగు దిక్కు సూపెట్టిన. గంతే."

తండ్రి దిగొచ్చేసరికి అంతా అయిపోయింది. సాయంత్రం ఊరివాళ్లు అడిగితే ఆయన, "నేనే చెప్పిన, దెబ్బలకు ఓర్సుకోలే," అన్నాడు. ఒంటి మీద దెబ్బ ఒక్కటి కూడా లేదు. ఊళ్లో అందరూ ఆయన దగ్గర కల్లు తాగడం మానేశారు. ఆయన చెట్లు ఇంకొకరికి పోయాయి. "ఎవరడిగినా నాకు తెల్వదను బిడ్డా, అని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నా పెనిమిటికి గూడ చెప్పలే. నాయిన గా పేరుతోనే సచ్చిపోయిండు. ఊళ్లె ముసలోళ్లు పోతే గా ముచ్చట గూడ పోతదనుకున్న. గిప్పుడు పుస్తకంల వడ్డది. పుస్తకం సావది గదా."

పుస్తకం అట్ట మీద చేయి పెట్టి, "గిది రాసినాయన బతికే ఉన్నడన్నవు గదా. నాయిన పేరు తీసి నా పేరు వెట్టుమని చెప్తవా?" అని అడిగింది.

చెప్తానన్నాను. అవకాశం కూడా దానంతట అదే వచ్చింది. కాలేజీలో మా తెలుగు సార్ ఒక ఆత్మకథ చదివి అభిప్రాయం రాయమన్నాడు. నేను ఆ పుస్తకం మీదనే రాశాను. సార్‌కు నచ్చి, రాసినవాళ్లలో ముగ్గురిని సిరిసిల్లకు తీసుకుపోయి ఆయనను చూపిస్తానన్నాడు. నర్సవ్వత్తకు చెప్తే, ఆమె ముందురోజు నన్ను కూర్చోబెట్టి ఏం చెప్పాలో రెండుసార్లు అప్పజెప్పించుకున్నది. ముంతలు నాలుగు అని మరిచిపోవద్దన్నది.

సిరిసిల్లలో ఆయన ఇల్లు మరమగ్గాల సందులో ఉండేది. ఆ చప్పుడుకు అలవాటుపడి ఆయన గట్టిగా మాట్లాడేవాడు. సన్నని మనిషి, తెల్లటి ధోవతి, మోకాళ్ల మీద దుప్పటి. మాకు తనే చాయ పోసి ఇచ్చాడు. సార్ నా వ్యాసం ఆయన చేతికిచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకొని మొత్తం చదివాడు, మేం చాయ తాగుతూ చూస్తూ కూర్చున్నాం. చదివి, "నేను రాసిన దానికంటే నువ్వు రాసింది బాగున్నది బిడ్డా," అన్నాడు. తర్వాత, తిరిగిరాని ఆ స్నేహితుని గురించి తనంతట తనే మాట్లాడాడు. అతనికి చింతచిగురు ఇష్టమట. చెప్తూ చెప్తూ దుప్పటి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు నావైపు తిరిగి అడిగాడు: "అన్నీ నచ్చినయని రాసినవు. నచ్చనిది ఒక్కటన్న ఉంటది గదా? మొగమాటం లేకుంట చెప్పు."

"లేదు సార్," అన్నాను.

ఎందుకన్నానో చాలా ఏళ్లు రకరకాలుగా చెప్పుకున్నాను. ముసలాయన్ని బాధపెట్టడం ఇష్టం లేక అని, సార్ ముందు భయపడి అని. అవి కొంత నిజమే. అసలు సంగతి, ఆయన నన్ను మెచ్చుకున్నాడు, ఆ మెప్పు అట్లాగే ఉండాలనుకున్నాను. నా నోటుబుక్కులో ఆయన సంతకం పెట్టి ఇచ్చాడు. బస్సులో ఆ సంతకాన్ని పది సార్లు చూసుకున్నాను.

మరునాడు అరుగు మీద నర్సవ్వత్త చుట్టుతూనే ఉంది. మిగతావాళ్లు ఇంకా రాలేదు. నేనే ముందు చెప్పాను: "చెప్పినత్తా. అయ్యో గట్లనా అన్నడు. మల్ల అచ్చేసినప్పుడు మారుస్తనన్నడు." ఆమె ఒకసారి తలెత్తి చూసి, "మంచిది బిడ్డా," అన్నది. ఆ రోజు నేను ఏమీ చదవలేదు. అయినా పోయేముందు నా చాటలో ఎప్పటిలాగే బీడీలు వేసింది.

ఆ తర్వాత సంవత్సరాలు తొందరగా గడిచాయి. నాకు టీచర్ ఉద్యోగం వచ్చింది, కోరుట్లలో ఇల్లయింది. మా అవ్వ పోయింది. లసుమవ్వ బిడ్డ దగ్గరికి పోయింది. రాయికల్ వెళ్లినప్పుడల్లా నర్సవ్వత్త అడిగేది: "గా పుస్తకం మల్ల అచ్చయిందా?" ఇంకా కాలేదత్తా అనేదాన్ని. అది నిజం. ఆ పుస్తకం మళ్లీ అచ్చు కాలేదు, ఆయన కూడా కొన్నేళ్లకే పోయాడు. ఆయన పోయాక కూడా నేను అదే జవాబు చెప్పాను. ఆ నిజం వెనుక చాలా కాలం దాక్కున్నాను. ఒక సమయంలో ఆమె అడగడం మానేసింది. ముసలితనం కదా, మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోయినందుకు నాకు హాయిగా ఉండేది కూడా.

పదకొండో రోజు పద్మ చాట నా ముందు పెట్టాక, నేను కత్తెరను చేతిలో తిప్పుతూ, అత్త చివర్లో నన్నేమైనా అడిగిందా అన్నాను. ఊరికే, మాట కోసం అడిగాను. పద్మ కాస్త తటపటాయించింది.

"అడుగలేదక్కా. అప్పుడప్పుడు గా సిరిసిల్ల ముచ్చట చెప్తుండె. నీకు కోపమస్తదేమో."

"రాదు, చెప్పు."

"గా పిల్ల ఆయనకు చెప్పలేదే పద్మా, అనేది. నీకెట్ల ఎర్క అంటే, సిరిసిల్ల దాక పోయి అంత పెద్ద ముచ్చట చెప్పి అచ్చినదానికి గది నాకు చెప్పుడు రెండు బీడీలల్ల అయిపోయింది, నిజంగ చెప్పిన ముచ్చట గంత పొట్టిగుంటదా, అనేది."

మరి నన్నెందుకు అన్నేళ్లు అడిగింది, అన్నాను.

"చెప్తవేమోనని," అన్నది పద్మ. "కోపం మాత్రం లేకుండెనక్కా. కోపం రాలేదా అని నేనే అడిగిన. గప్పుడది చిన్నపిల్ల, మంచిగ మాట్లాడినోనికి నచ్చేటట్టు చెప్పింది, నేను జెయ్యలేదా గదే పని, అన్నది."

కోరుట్లకు తిరిగొచ్చాక ఆ నోటుబుక్కు వెతికి తీశాను. ఎత్తి రాసుకున్న వాక్యాలు, పక్కన నా ఆశ్చర్యార్థకాలు, ఒక పేజీలో నీలం సిరాతో ఆయన సంతకం. లచ్చయ్య గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పాను. చదివినదాన్ని ప్రశ్నించాలని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. జగిత్యాలకు పోయి గ్రంథాలయంలో ఆ పుస్తకం వెతికి, అంచున పెన్సిలుతో రాసి వద్దామా అనుకున్నాను. పెన్సిలు గీతల్ని ఎవరు నమ్ముతారు? అందుకని ఇక్కడ రాస్తున్నాను. లచ్చయ్య ఎవరినీ అప్పగించలేదు. పదకొండు రోజులు అన్నం పెట్టాడు, తర్వాత బిడ్డ మీద మాట రాకుండా ఆ పేరు తను మోశాడు. బిడ్డ పేరు నర్సవ్వ. అప్పటికి ఆమెకు ఏడేళ్లు. ముంతలు నాలుగు. పుస్తకం రాసినాయన అబద్ధం రాయలేదు, ఊరు చెప్పింది రాశాడు. ఆయన అడిగాడు కూడా. చెప్పవలసిన మనిషి ఎదురుగా కూర్చొని లేదన్నది.

ఇంతవరకు రాసి, పోయిన ఆదివారం కాగితాలు పట్టుకొని రాయికల్ పోయాను. ఇప్పుడు బీడీలు చేసేవాళ్లు తక్కువ. చేసేవాళ్లు కూడా చెవుల్లో వైర్లు పెట్టుకొని ఎవరి ఫోను వాళ్లు వింటూ చేసుకుంటారు, ఒకరి వేగం ఇంకొకరి కథతో కలవదు. దాన్ని తప్పు అనను. వాళ్లు వినేది నేను చదివిన వాటికంటే బాగుంటుందేమో. మా ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది, అరుగు లేదు. పద్మ వాళ్ల వాకిట్లో చాప వేసుకొని కూర్చున్నాం. ఆమె తన చాట ఒళ్లో పెట్టుకున్నది. నాకిచ్చిన చాటను నా ముందు పెట్టుకొని చదవడం మొదలుపెట్టాను. పద్మ చుట్టుతూ వింటున్నది. లెక్కపెడుతున్నదో లేదో తెలియలేదు, పెదవులు కదలలేదు. గటక ముంతల దగ్గర ఒకసారి ముక్కు చీదింది. తర్వాత సిరిసిల్ల వచ్చింది. మరమగ్గాలు, దుప్పటి, చింతచిగురు. ఆయన నన్ను అడిగిన చోటు వచ్చింది.

పద్మ చేయి ఆగింది.

"గక్కడ ఉరికినవక్కా," అన్నది. "మల్ల చదువు."

మళ్లీ చదివాను.